చెమ్మ తిన్న పేరు

చిలోయే దీవిలో వాన ఒక కాలం కాదు,
ఇంట్లో మనిషి.
పొయ్యి దగ్గర మొదటి పీట దానిదే.
ఎప్పుడొచ్చిందో గుడిలోకీ వచ్చింది,
బీరువా సందులోంచి దూరి
జ్ఞానస్నానాల పుస్తకంలో
నా పేరు తినేసి పోయింది.

పింఛను కాగితాల కోసం వెళ్తే
కాస్త్రో పట్నంలో కిటికీ వెనకున్న కుర్రాడు,
మంచివాడే, మీసం ఇంకా సరిగ్గా రాలేదు,
"మీరు మీరేనని రుజువేదమ్మా?" అన్నాడు.
నవ్వొచ్చింది.
తిరుగు పడవలో రాలేదు.

డెబ్బై ఒక్క ఏళ్లు.
ముందు ఆన్సెల్మో మూడో పిల్లని.
తర్వాత, సాల్మన్ చేపలు కోసే కంపెనీలో
రబ్బరు తొడుగు మీద రాసిన పద్దెనిమిదో నంబరుని.
తర్వాత, పడవతో సహా తిరిగిరాని
రెమిహియో పెళ్లాన్ని.
ఇప్పుడు తాళంచెవులావిడని.
పాదిరి ఏడాదికి రెండుసార్లే వచ్చే ఊళ్లో
గుడి తలుపు తీసేదీ మూసేదీ నేనే గనక.
అన్నీ నిజమే.
ఏదీ ఆ కిటికీలో పట్టలేదు.

ఆ సాయంత్రం తలుపు తీశాను,
మూశాను,
లోపలే ఉండిపోయాను.

చెక్క గుడి మాది.
పడవలు కట్టే చేతులే కట్టాయి,
అందుకే పైకప్పు బోర్లించిన పడవలా ఉంటుంది.
కింద మోకరిల్లితే
సముద్రం అడుగున కూర్చుని
ఎవరో పైన వెళ్తుంటే చూస్తున్నట్టుంటుంది.

ముందు అలవాటు ప్రకారం అడిగాను.
బంగాళాదుంపలకి తెగులు రాకూడదని.
ఎలియానా తుంటి నొప్పి.
ఎర్ర నీళ్ల విషం
ఈ ఏడైనా ఆల్చిప్పల్లోకి దిగకూడదని.
రెమిహియో ఎముకలు ఏ ఒడ్డున ఉన్నా
వాటి మీద గుప్పెడు మట్టి.
ఆ కాగితం.
ఇంకా...
ఇంకా...
సంచీ తిరగేసి దులిపాను.
నాలుగు రొట్టె రవ్వలు రాలాయి.

మామూలుగా అయితే
సిలువ గుర్తు వేసుకుని లేచేదాన్ని.
ఆ రోజు మోకాళ్లు లేవనన్నాయి.
భక్తి కాదు, కీళ్లు.

చెక్క పెంకుల మీద వాన నడుస్తోంది.
అడగడానికేం లేదు.
చెప్పుకోవడానికీ లేదు.
మరి ఇక్కడ ఊపిరి తీస్తున్నది ఎవరు?
కాసేపు భయమేసింది,
చీకట్లో మన చెయ్యే మనకి తగిలి
ఉలిక్కిపడినట్టు.

గొంతేదీ వినపడలేదు. వినపడిందంటే అబద్ధం.
కొవ్వొత్తి దానంతటది వెలగలేదు.
సిలువ మీద ఆయన,
నేను పుట్టకముందే కుడిచేతి వేళ్లు విరిగినవాడు,
ఎప్పటిలాగే తల వాల్చుకుని ఉన్నాడు.

కాకపోతే ఒకటి.

చిన్నప్పుడు, పోటు తీసిన ఒడ్డున
అమ్మ నాచు ఏరుతూ ఉండేది.
నేను వెళ్లి వెనక నిలబడితే
వంచిన నడుం ఎత్తేది కాదు,
తిరిగి చూసేది కాదు,
బుట్టని మాత్రం కాస్త పక్కకి జరిపేది,
నాకు చోటివ్వడానికి.

అలా
ఎవరో జరిగారు.

పేరు పెట్టి పిలవాలంటే
మధ్యలో కాస్త దూరముండాలి కదా.
పక్కనున్నవాళ్లని ఎవరు పిలుస్తారు?

మర్నాడు పుస్తకం తెరిచి మళ్లీ చూశాను.
తేదీ ఉంది. జ్ఞానమాత పేరుంది.
"ఆడపిల్ల" అన్న మాట సగం ఉంది.
మిగతాది గోధుమరంగు మరక,
మ్యాపులో లేని ఒక చిన్న దీవి.
నీళ్లు పోసి పెట్టిన పేరు,
నీళ్లే పట్టుకుపోయాయి.
బాకీ లేదు.
వేలితో ఆ మరక అంచంతా తిరిగొచ్చాను,
నా దీవి చుట్టూ.

కుర్రాడు ఫోన్ చేశాడు.
ఇద్దరు సాక్షులొచ్చి సంతకం పెడితే చాలట.
తుంటి నొప్పితోనే ఎలియానా వస్తానంది.

రెండో సాక్షి ఉన్నాడు.
సంతకం పెట్టడానికే,
వేళ్లు లేవు.