బల్ల అడిగింది

నెలాఖరు శనివారం, మేకుల కొట్టు మీది గదికి
తాళం తీసేది నేనే.
కుర్చీలు పద్నాలుగు. ఒకదానికి మూడే కాళ్లు,
దాన్ని గోడకి ఆనించి నేను కూచుంటాను.
కింద ఒగొల్లా రేకులు కోసే రంపం ఆగేదాకా
పైన ఎవరూ గొంతు సవరించుకోరు.
కిటికీ తీస్తే కిసుము ఎండ,
ఎండ వెనకాలే ఎండు ఒమెనా చేపల వాసన,
ఆ వెనక ఎక్కడో సరస్సు.

కిందటి నెల వచ్చినాయన పేరు నైరోబీ దాకా పాకింది.
రాయడమంటే నెత్తురు ధారపోయడం అన్నాడు.
అందరం రాసుకున్నాం.
రెండు కప్పుల టీ తాగి, బస్సు వేళైందని వెళ్లిపోయాడు.

అంతకు ముందు నెల అపొండి.
బజారులో చేపలమ్మే మనిషి,
బాకీల పద్దు పుస్తకంలో వెనక పేజీల నుంచి
నవల రాసుకుంటూ వచ్చింది.
నాయకుడు మనసు విప్పే చోట కాగితం తిప్పితే
రెజీనా, తిలాపియా మూడు, రెండొందల షిల్లింగులు, ఇవ్వలేదు.
అదీ చదివింది. అదీ కథేనంది.
బడి ఇంగ్లీషులో మొదలెట్టి
పిల్లాడు నీళ్లలో పోయే పేజీకి వచ్చేసరికి
ధొలువోలోకి జారిపోయింది.
ఎందుకని ఎవరూ అడగలేదు.

ఈ నెల నఫ్తాలి ఒబియెరో.
రేవులో ముప్పై ఏళ్లు స్టీమరు టిక్కెట్లు చింపిన చెయ్యి.
ఉల్లిపాయల సంచిలో ఇరవై పుస్తకాలు మోసుకొచ్చాడు.
ప్రెస్సువాడు వెన్ను మీద పేరు తలకిందులుగా అచ్చేశాడు,
"నన్ను కనుక్కోవాలంటే మెడ విరుచుకోవాలి"
అని తనే ముందు నవ్వాడు.
సగం చదివాడో లేదో వాన.
రేకు కప్పు మీద బస్తాల కొద్దీ శనగలు గుమ్మరించినట్టు.
ఆయన ఆగలేదు.
పెదాలు కదులుతున్నాయి, వేలు వరస కింద నడుస్తోంది,
మేం వినపడుతున్నట్టే తలలాడించాం.

వాన వెలిశాక కాలేజీ కుర్రాడు లేచాడు:
నవల పూర్తయిందని ఎలా తెలిసింది పెద్దాయనా?

నఫ్తాలి కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు.
చాలాసేపు తుడిచాడు.
"మా ఆవిడ బల్ల అడిగింది" అన్నాడు.
"ఇంట్లో ఉన్నది ఒక్కటే బల్ల.
తొమ్మిదేళ్లు కుట్టుమిషను నేల మీద పెట్టుకుని
చేత్తో తిప్పుకుంది. మోకాళ్లు పట్టేశాయి, అడిగింది.
ఆ రాత్రే ఆఖరి వాక్యం రాసేశాను.
బాగోలేదు. మీరే చూస్తారు."

వెనక వరసలో బడి నిక్కరుకి అంచు కుడుతున్న దోర్సిలా
దారం పళ్లతో తెంపి, తల ఎత్తకుండానే అంది:
"అబద్ధం.
రెండో ఏడు కూడా అడిగాను."

మేం నవ్విన నవ్వుకి
కింద ఒగొల్లా కర్రతో కప్పు పొడిచాడు.
నఫ్తాలి నవ్వలేదు. ఆవిడ వైపే చూస్తూ
సంచిలోంచి ఒక పుస్తకం తీశాడు,
ఎవరికివ్వాలో తెలియనట్టు పట్టుకుని నిలబడ్డాడు.

అందరూ వెళ్లాక కప్పులు కడిగి
నేను కొన్న ప్రతి తెరిచాను, చివరి నుంచి.
ఆయన మాట నిజమే. ఆఖరి వాక్యం బాగోలేదు.
దాని ముందుది మాత్రం ఇది:
*టిక్కెట్టుకి డబ్బు చాలని మనిషి, స్టీమరు కనుమరుగయ్యాక కూడా*
*ఎత్తిన చెయ్యి దించలేదు, దించితే తనే వెళ్లిపోయినట్టవుతుందని.*

ఆరేళ్లుగా టీ పొడి డబ్బా అడుగున
నా నోటుబుక్కు ఒకటి ఉంది.
వాసనకే సగం చదివినట్టుంటుంది.

కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చాను.
బోర్డు మీద "వచ్చే నెల" అన్న మాట కింద
ఏమీ లేదు.
గోరంత సుద్ద ముక్క దొరికింది.
నా పేరులో సగం దాకా వచ్చి
అరిగిపోయింది.