శేవంతాబాయి బొంత

సిరొంచల మా గల్లీకి
రెండు భాషలు, ఒక్క బోరింగు.

తునికాకు కల్లం లేసినంక, వాన పడేదాక
చేతులకు పని ఉండకపోయేది.
బాపమ్మ వసారల పాత చీరలు పరిచేది.

ఆ యేడు బొంత మాకు కాదు.
గురూజీకి భండారా బదిలీ అయింది.
ఆయన భార్య శేవంతాబాయి
వచ్చిననాడు "నీళ్లు" ఒక్క మాటే నేర్చింది,
పోయేనాటికి మా సామెతలు మాకే అప్పజెప్పేది.

ఇంటికొక ముక్క.
పేరు రాయ ఎవరికి వచ్చు?
ఎవరి గుర్తు వాళ్లు కుట్టిన్రు.
గూడెం జంగుబాయి మూడు ఇప్పపూలు,
మా చిన్నమ్మ, కొత్త కోడలు, ఏం తోచక ఒక గుండీ.
రాజుబాయి తేలు కుట్టింది.
"రాజుబాయి! తేలు కుట్టింది!" అని
పిల్లలం గల్లంతా ఉరికితే
మందాకు నలుపుకుంట ఒకాయన నిజంగనే వచ్చిండు.

చాంద్‌బీ ఇంటి నుంచి
పిల్లగాని చేత పచ్చ ముక్క వచ్చింది.
గుర్తు లేదు.
నల్లపెట్ట ఎవరిదన్న తగువుల
బాపమ్మకు ఆమెకు రెండేండ్లుగ మాటల్లేవు.

కాదనలేదు బాపమ్మ.
తిరగేసి కుట్టింది, లోపలి దిక్కు పైకి.
అందరు చూసిన్రు.
సూది చేతిల ఉన్న మనిషిని ఎవరంటరు?

తెల్లారి ఎర్రబస్సు టాపు మీద ట్రంకుపెట్టె,
పెట్టెల బొంత.

ముప్పై యేండ్లకు
శేవంతాబాయి కోడలు మూట పంపింది,
"అత్తకు ఇది మీ ఊరిదని యాది" అని మనిషితోని చెప్పించి.
మీద నాలుగు పొరలున్నయి:
ఆమె నౌవారీ, కొడుకు బడి చొక్కాలు,
ఓ కిటికీ తెర, ఎవరిదో ధోతి.
బ్లేడుతోని ఒక్కొక్క పోగు తెంపుకుంట దిగిన.

తేలుకు ఒక కాలు లేదు.
ఇప్పపూల జాగల సూది బొక్కలే.
గుండీ మాత్రం, ఇంకో చొక్కాకు పెట్టొచ్చు.

పచ్చ ముక్క
సక్కగ ఉంది, మంచి దిక్కు పైకే.
చుట్టూ పాత కుట్టు ఇప్పిన బొక్కలు,
వాటి పక్కన దీపం కాడి ఆగమాగం కుట్టు:
రెండు పొట్టి, ఒకటి పొడుగు.
వంకర బొటనేలుతోని
ఆ కుట్టు కుట్టే మనిషి ఊరంతటికి ఒక్కతే.
ఎవరికీ చెప్పలేదు. పోయి పదేండ్లు.

చాంద్‌బీకి ఇప్పుడు చూపు ఆనదు.
ఒడిల పెట్టి అంతా చెప్పిన.
పచ్చ ముక్కను వేళ్లతోని చాలాసేపు తడిమింది.
రెండు పొట్టి. ఒకటి పొడుగు.

"అయినా," అంది,
"ఆ పెట్ట మాదే."