పదకొండు రోజులు

తల్లి ముళ్ళపంది చనిపోవడానికి
నాకు పదకొండు రోజులు పట్టింది.
సెకనుకి ఇరవైనాలుగు ఫోటోలు.
ఉన్ని పొట్టలో దాచిన చిన్న స్క్రూని
ఒక్కో ఫోటోకి వెంట్రుకవాసి తిప్పాలి.
ఊపిరి దిగిపోతున్నట్టుండాలి,
ఎవరో స్క్రూ తిప్పుతున్నట్టుండకూడదు.
మంచు కోసం ఉప్పు చల్లాం.
పిల్ల ముక్కుమీద పడ్డ ఉప్పుగల్లుని
దులపబోయి, ఎందుకో వదిలేశాను.

టార్టూలో జనవరి. మూడున్నరకే చీకటి.
స్టూడియో కింద బూట్లు కుట్టే దుకాణం,
సుత్తి పడ్డప్పుడల్లా కెమెరా ఉలిక్కిపడేది.
అందుకే ఆ చావంతా రాత్రిళ్ళే తీశాను.

నిర్మాత హిల్లర్ వచ్చి చూశాడు. మంచివాడే.
కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు,
తడి అద్దాలది కాదు.
"ఒక్క మాట చేరుద్దాం, విర్వె," అన్నాడు.
"అమ్మ చలికాలపు నిద్రలో ఉంది, అని.
ముళ్ళపందులు నిజంగానే పడుకుంటాయి కదా,
అబద్ధమేం కాదు.
టికెట్టు కొనేది పిల్లలు కాదు మరి."

నేనేం అనలేదు.
జిగురంటిన వేళ్ళు తప్ప
నా దగ్గర జవాబేం ఉంది కనక.
నాకు ఆరేళ్ళప్పుడు
మా కుందేలు మామయ్య వాళ్ళ ఊరెళ్ళిందన్నారు.
ఆ ఆదివారం కూర చాలా బాగుంది.
ఇప్పటికీ ఆ ఊరి పేరు వింటే
ముందు ఆకలేస్తుంది,
తర్వాత సిగ్గేస్తుంది.

ఎల్వా బడిలో రెండు రకాలూ వేసి చూశాం.
ముప్ఫైనలుగురు పిల్లలు, ఉన్ని మేజోళ్ళు,
హీటరు మీద ఆవిర్లు కక్కుతున్న చేతితొడుగులు.
ముందు నిద్ర సినిమా.
అయిపోగానే చెయ్యెత్తింది లోవీసె, ముందుపళ్ళు లేవు.
"వసంతం ఏ తేదీన?" అంది.
ఎవరమూ చెప్పలేకపోయాం.
"మా తాతయ్య కూడా పడుకున్నాడనే చెప్పారు.
అప్పట్నుంచీ నేను
మంచం మీద కూర్చునే ఉంటున్నా."
టీచరు చేతితొడుగులు లెక్కపెట్టడం మొదలెట్టింది.

మర్నాడు చావు సినిమా.
సగంలో టానెల్ అనే పిల్లాడు లేచి
కుర్చీలు తన్నుకుంటూ వెళ్ళిపోయాడు.
వాళ్ళమ్మ, కోటు ఒక చేతికే తొడిగి, నా ముందు నిలబడింది.
"అర్ధరాత్రి వీడడిగే ప్రశ్నలకి
మీరు రారు కదా మా ఇంటికి."

నిజమే. రాను.
అర్ధరాత్రి నేను నా దుప్పటి కింద ఉంటాను.
చీకటిని కత్తిరించి అతికించడం నా పని,
దాన్ని ఇంటికి మోసుకెళ్ళేది వాళ్ళు.
వారం రోజులు ఆవిడ కోటు
ఒంటిచేత్తో నా కలలో వేలాడింది.

చావుని మార్చలేదు.
తల్లి పక్కన పిల్ల కూర్చునే చోట
నాలుగు సెకన్లు పెంచాను.
తొంభై ఆరు ఫోటోలు.
పిల్ల ఏడవదు, లేవదు, పాట పాడదు,
సాయానికి ఏ మాట్లాడే పక్షీ రాదు.
ఏమీ జరగకపోవడానికి
రెండు రాత్రులు పట్టింది.

ఇంకొకటి కూడా అడిగాను.
సినిమా వేసిన చోటల్లా
తలుపు జానెడు తీసి ఉంచమని.
హిల్లర్ నవ్వాడు: "ఈ చలిలోనా?"
కానీ కాగితం మీద రాయించాడు.

మార్చిలో మళ్ళీ ఎల్వా.
టానెల్ వచ్చాడు, చివరి వరసలో.
సరిగ్గా అక్కడే లేచాడు,
ఈసారి కుర్చీలు తన్నలేదు.
బయటికెళ్ళి, తలుపు మూయకుండా ఆగాడు.
సందులో సగం ముఖం,
ఒక కన్ను,
గుప్పిట్లో నలుగుతున్న ఒంటి చేతితొడుగు.
వెనక నడవా దీపం, ముందు మా చీకటి,
రెండింటి మధ్య గడప మీద
చివరిదాకా నిలబడ్డాడు.

చలిగాలి వస్తోంది తలుపెయ్యమని
ముప్ఫైముగ్గురిలో ఒక్కరూ అనలేదు.