ఒలకని టీ

ఐదున్నరకి గాజువాకలో బయల్దేరతాను.
వెనక నీలం డబ్బాలో ఐసు ముక్కలు,
పన్నెండు రక్తపు సీసాలు,
ఊదా మూతలు, ఎర్ర మూతలు,
ఒక్కో మూత కింద ఒకరి పరగడుపు.

బండి మూడు చేతులు మారింది.
ఫస్టు నుంచి సెకండుకి వేస్తే
టఖ్.
సెకండు నుంచి థర్డుకి
టఖ్.
మేడ మీంచి బియ్యం బస్తా జారినట్టు.
డబ్బాలో సీసాలు ఉలిక్కిపడి
ఒకదాన్నొకటి పొడుచుకునేవి.

మహారాణిపేట ల్యాబులో సుహాసిని గారు
తిప్పిన సీసాని లైటుకి పట్టి చూసేవారు.
"సీరం ఎర్రబడింది. కణాలు చితికిపోయాయి.
మళ్ళీ తీసుకురా."
మళ్ళీ అంటే
మల్కాపురంలో ఆ వెల్డరు చేతికి మళ్ళీ సూది,
మళ్ళీ అతను టిఫిను మానుకోవడం,
మళ్ళీ నా జీతంలో కోత.
రోడ్డు గతుకుల్ని తిట్టాను, పోర్టు లారీల్ని తిట్టాను.
గేరుబాక్సు పోయిందని అందరికీ చెప్పాను.

సింధియాలో పోలారావు షెడ్డు.
షిప్‌యార్డులో పదకొండేళ్ళు తుప్పు కొట్టి
ఒక చెవి అక్కడే వదిలేసి వచ్చిన మనిషి.
స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి,
పిడి తన దవడ ఎముకకి ఆనించి
కళ్ళు మూసుకుని విన్నాడు.
"గేరుబాక్సుకి ఏటీ అవ్వలేదు ఓలమ్మీ.
నీకే తొందర."

నాకు ఒళ్ళు మండింది.
అతను పట్టించుకోలేదు, ఆయిలు దింపాడు.
చల్లారిన టీలాగా పల్చగా, నల్లగా కారింది.
మార్చి ఎన్నాళ్ళయిందని అడిగితే
టైరు వంక చూశాను.
చైను బట్టలు ఆరేసే తాడులా వేలాడుతోంది,
మీద ఉప్పుగాలి నాకిన ఎర్రటి మరక.
అది కడిగి, నూనె పోసి,
రెండు వేళ్ళ ఊపు మిగిల్చి బిగించాడు.
క్లచ్ తీగ ఎంత సాగిందంటే
పిడికిలి మూసినా లోపల ప్లేట్లు చేతులు వదలడం లేదు.
రూపాయి బిళ్ళ మందం ఖాళీ ఉంచి
ముడి తిప్పాడు.
సిగ్నల్లో కూడా ఉరకాలని ఊగే ఇంజన్ని
చిన్న స్క్రూతో
కూర్చోబెట్టాడు.

"ఇంక నీ కాలు" అన్నాడు.
"లివర్ని తన్నకు.
క్లచ్ పట్టకముందే ఏలి బరువు అలా ఆనించు.
ఆక్సిలేటరు వదులు, క్లచ్ సగం పట్టు,
గేరే దొర్లుకుంటా ఎల్తాది.
దించేటప్పుడు ఇంజనుకి సిటికెడు ఇయ్యి,
కూరలో ఉప్పేసినట్టు."
మరి ఫస్టు గేరు? అది ఇప్పటికీ టక్ అంటోందే?
"నిలబడ్డోణ్ణి కదిపితే
ఆ మాత్రం మూలగడా ఏటి?"

సాయంత్రాలు యారాడ ఘాట్ రోడ్డు.
వెనక సీట్లో పోలారావు,
అతని చేతిలో అంచుదాకా నింపిన టీ గ్లాసు.
ఒలికితే డబ్బులు నావి.
మొదటి రోజు మూడు టీలు, ఒక ప్యాంటు.
రెండో రోజు రెండు.
మూడో రోజు వాన, వెళ్ళలేదు.
నాలుగో రోజు బాగా నడిపాననుకున్నాను,
మోకాలి మీద మరక చూపించాడు.
రాత్రి పడుకుని
మంచం కోడు మీద బొటనవేలు ఆనించేదాన్ని,
నొక్కకుండా,
నొక్కబోతున్నట్టు.

ఆరో రోజు కొండ మీద మలుపు.
ఒకవైపు హార్బరులో ఓడల దీపాలు,
రెండోవైపు ఏమీ లేని సముద్రం.
దిగువకి తిరుగుతూ థర్డు నుంచి సెకండుకి దించాను.
చప్పుడు లేదు.
పడలేదేమో అనుకున్నాను.
కాలు మళ్ళీ లేపబోతుంటే

వెనక నుంచి,
తీరిగ్గా,
టీ జుర్రిన చప్పుడు.