ఎడమకాలి ఖర్చు

ఆదోని నుంచి కర్నూలుకు బాడుగ తిరిగే నా బండికి
క్లచ్చు లేదు.
మూడో ఏట జ్వరమొచ్చి
నా ఎడమకాలి సత్తువ ఎత్తుకపోయింది.
ఆ కాలు చేయాల్సిన పని
గేర్‌బాక్సు చేస్తాది.

నెల దినాలుగా అది మొరాయిస్తాండాది.
డి లో పెడితే
అప్పిచ్చే షావుకారి మాదిరి
రోంతసేపు ఆలోచించి
అప్పుడు కదుల్తాది.
కోడుమూరు దాటినాక ఎత్తు మీద
రెండు నుంచి మూడుకు మారేటప్పుడు
ఎనక సీట్లో పత్తి దలాలీల మాటలు
సగంలో తెగిపోయేంత కుదుపు.

బళ్లారి చౌరస్తా అవతల హుస్సేన్ పీరా షెడ్డు.
కొలత కడ్డీ లాగి తెల్లగుడ్డకు తుడిచినాడు.
"దానిమ్మ రసం మాదిరి ఉండాలన్నా.
ఇదేంది, మాడిన చింతపులుసు."
వాసన చూసి
నా ముక్కు కాడికీ పట్టినాడు.

కంపెనీ పుస్తకం తెరిచి చూపిచ్చినా.
మార్చే పనిలేదు, జీవితకాలం నూనె, అని అచ్చేసుంది.
పీరా నవ్వలే.
"ఎవరి జీవితకాలమో రాసినారా?" అన్నాడు.

ప్లగ్గు డబ్బా అట్ట చింపి లెక్క కట్టినాడు:
నూనె నాలుగు లీటర్లు, మూడువేల ఎనిమిదినూర్లు.
ఫిల్టరు పద్నాలుగు నూర్లు.
గ్యాస్కెట్టు మూడునూట యాభై.
కూలి ఎనిమిదినూర్లు.
నూనెతో బేరమాడలేను కాబట్టి
కూలితో ఆడినా. ఆరునూర్లయింది.
ఆరువేల నూటయాభై.

పెట్రోలు పోను నాకు బాడుగకు మిగిలేది ఏడునూర్లు.
తొమ్మిది మార్లు కర్నూలు పోయి రావల్ల,
తొమ్మిది మార్లూ
ఉగ్గాని బజ్జీ అంగడి ముందర
అద్దాలెక్కిచ్చుకొని పోవల్ల.

స్టాండులో రంగముని ముందే చెప్పినాడు:
పాత నూనె ముట్టుకోవద్దప్పా,
లోపల ప్లేట్లు అరిగిపోయి
ఆ అరిగిన పొడే నూనెలో కలిసి
ఇంత పట్టు ఇస్తాంటాది.
మురికి పోతే పట్టూ పోతాది,
కొత్తది పోసినోళ్ల బండ్లు జారి నిలబడినాయి.

నిజమేనా అని పీరాని అడిగినా.
"కొన్ని బండ్లకు నిజమే.
నీదానికి, దించితే గానీ చెప్పలేను."
ఆ మాట అనేటప్పుడు
అతను నా కాలు దిక్కు చూళ్లేదు.
నేనే చూసుకున్నా.
నలభై ఏండ్ల అరుగుడు.
ఇందులో ఏది మురికో, ఏది పట్టో
నాకు మాత్రం తెలుసునా?

దించు, అన్నా.

ఈరన్న, పదహారేండ్ల పిల్లోడు,
కిందికి దూరి బోల్టు వదిలించినాడు.
రేకు డబ్బాలోకి నల్లగా, చప్పుడు లేకుండా దిగింది.
అడుగు పళ్లెంలో అయస్కాంతం మీద
వానికి ఇంగా రాని మీసం మాదిరి
ఇనుప నూగు.

"సగమే దిగుతాదన్నా.
మిగతాది లోపల గిన్నెలో ఉండిపోతాది.
వెయ్యి కిలోమీటర్లు తిప్పి రా, మళ్లా దించుతాం."
అప్పుడన్నా అంతా పోతాదా?
"సగంలో సగం పోతాది."
ఇంగ నేను లెక్క అడగలే.

కొత్త నూనె గరాటాలో దిగేది చూద్దామని
బండి చుట్టూ తిరిగినా.
మోకాలి కాడ కాలిపరు
అడుగుకొకసారి కిర్రుమంటాంటే
ఈరన్నకు నవ్వొచ్చింది.
పీరా వాని దిక్కు ఒక చూపు చూసి,
ఖాళీ అయిన డబ్బా తలకిందులు చేసి
అట్లనే పట్టుకొని నిలబడినాడు.
రెండు చుక్కలు కూడేదాకా.
వంగి, నా మోకాలి కీలుకు పోసి
వేలితో రుద్దినాడు.
"దీన్ని అట్ట మీద రాయనులే."

రాత్రి తిరిగొస్తాంటే
బండి ఇంగా ఆలోచిస్తానే ఉండాది,
అయితే షావుకారి మాదిరి కాదు,
తాళం చెవి వెతుక్కునే మనిషి మాదిరి.
కోడుమూరు ఎత్తు ఎప్పుడు ఎక్కిందో
నాకు తెలీలే.

పదకొండు దాటింది ఆదోని చేరేసరికి.
మా ఇంటికి మూడు మెట్లు.
రెండో మెట్టు మీద కిర్రుమనేసరికే
లోపల గొళ్లెం తీసే చప్పుడు,
పదహైదేండ్లుగా అంతే,
తలుపు కొట్టే పని నాకు పడలే.

మూడు మెట్లూ ఎక్కినా.
నా చప్పుడు నాకే వినపళ్లే.
తలుపు మూసే ఉండాది.
రోంతసేపు నిలబడి
పరాయి మనిషి మాదిరి
నా తలుపు నేనే కొట్టినా.

"ఎవరూ?"
అనింది గిడ్డమ్మ.