గురువారం మీటింగు

గోడ వెనక ఖాళీ సీసాలు లెక్కపెట్టి వచ్చిండు వాచ్‌మన్ సైదులు.
పదిహేడు. నిన్నటికన్నా మూడెక్కువ.
రిజిస్టర్‌ల ఏ కాలమ్‌ల రాయాల్నో
వార్డెన్ని, నాకే తెల్వదు.

డిస్పెన్సరీ గదిల ఐదుగురం, నాలుగు కుర్చీలు.
కెమిస్ట్రీ సారు బోర్డు మీద కాలేయం గీస్తనన్నడు.
"పోయినేడు గీసిన్రు గద సారూ," అన్నది మెస్ మణెమ్మ,
"పోరలు దానికి మీసాలు పెట్టిన్రు."

నర్సు ఫర్హానా నవ్వలేదు.
సోమవారం రాత్రి ఒకణ్ణి పక్కకు ఒత్తిగిలబెట్టి
తెల్లారేదాకా వాని ఊపిరి లెక్కపెట్టిందామె.
దోస్తులు గంటసేపు దాచిన్రట వాణ్ణి,
నా పేరుకు భయపడి.

సైదులు మోకాలు చాపుకొని
నేల దిక్కు చూసుకుంట అన్నడు:
"మర్రిగూడ బోరునీళ్లకు వంగిపోయిండు మా నాయిన.
అండ్ల ఏమున్నదో ముందుగాల ఎవ్వరూ చెప్పలే.
నడుం వంగినంక వచ్చి
బొమ్మలు చూపిచ్చిన్రు."

సారు చాక్‌పీసు జేబుల పెట్టుకున్నడు.

మినిట్స్‌ల రెండే ముక్కలు రాసిన:
రాత్రి ఈ గది లైటు ఆర్పొద్దు.
వచ్చినోని పేరు అడగొద్దు.
మణెమ్మ ఏమీ రాయించలే,
గిన్నెడు చారన్నం మూతపెట్టి పోయింది.

ఇయ్యాల శుక్రవారం.
గిన్నె కడిగి బోర్లించి ఉన్నది.
ఎవరు తిన్నరో
నేనడగలే.