ఇరవైకి సున్నా

వైట్‌హేవెన్ ఆసుపత్రి, నాలుగో వార్డు, కిటికీ పక్క మంచం.
పక్షవాతం వచ్చి ఎనిడ్ మోసప్‌కి మాటలన్నీ పోయాయి.
పోతూ పోతూ గుమ్మంలో
ఒంటి చెప్పు వదిలేసినట్టు
ఒక్కటి వదిలేసి వెళ్ళాయి:
వండర్.

టీ చల్లారితే వండర్.
దిండు జారితే వండర్.
చెల్లెలు మావిస్ బస్సుకి టైమైందని లేస్తే
కోటు అంచు పట్టుకుని
వండర్, వండర్.
ఇక్కడి యాసలో అది వుండ, వుండ అని వినిపిస్తుంది.
ఉండమంటోందనే అనుకున్నాను చాలా రోజులు.

నాది ఆ వార్డులో నేల తుడిచే పని.
బడిలో ఆ మాటకి ఆశ్చర్యం అని అర్థం రాయించారు.
ఇక్కడ ఆశ్చర్యపోయి ఆ మాట అన్నవాళ్ళు
నాకింకా తగల్లేదు.
డాక్టర్ హార్గ్రీవ్స్ "ఐ వండర్ ఇఫ్ యూ కుడ్" అన్నాడంటే
బకెట్ తియ్యమని. ఇప్పుడే.
సిస్టర్ టైసన్ "నో వండర్" అందంటే
ఎవరికో మూడింది.
మడమల పగుళ్ళకి గొర్రె కొవ్వు క్రీము
వండర్స్ చేస్తుందట.
రాజుగారి కోటు తొడుక్కుని
బంగాళదుంపలు మోస్తున్న మాట.
కాలు విరిగిన కుర్రాడొకడు మాత్రం
సీలింగ్ కేసి చూస్తూ "ఐ వండర్" అని
అక్కడే ఆగిపోయాడు.
ఏమిటని అడగాల్సింది.
ట్రాలీ తోసుకుంటూ వెళ్ళిపోయాను.

మంగళవారాల్లో మాటల డాక్టరమ్మ బ్రొనా వస్తుంది,
ఇరవై బొమ్మల కార్డులతో.
చెంచా. ఇదేమిటి ఎనిడ్?
వండర్.
తాళంచెవి.
వండర్.
ముళ్ళపంది.
కాస్త ఆగి, ఒక వైపే నవ్వి, వండర్.
గళ్ళలో సున్నా, సున్నా, సున్నా.
మాప్ పిండుతూ నేననుకున్నాను:
ముళ్ళపందికి అది తప్పెలా అవుతుంది?
అనుకున్నాను. జీతం అందుకు కాదు.

మావిస్ చెప్పింది:
అక్క పంతొమ్మిదేళ్ళు పెరట్లో వాన కొలిచింది.
రాగి గరాటు, గీతల గాజుగొట్టం, పొద్దున్నే తొమ్మిదింటికి.
పెళ్ళిరోజున కూడా, జుట్టుకి సగం పిన్నులతో,
పెళ్ళికొడుకు తండ్రి గొడుగు పట్టుకుంటే.
నోటుబుక్కుల నిండా అంకెలే.
ఒక్క ఏప్రిల్‌లో వాన ఎర్రగా పడి
ఆరేసిన దుప్పట్లన్నీ తుప్పు మరకలయ్యాయట.
ఆ రోజు అంకె పక్కన మాత్రం
పెన్సిల్‌తో, సన్నగా:
ఐ వండర్ వేర్ ఫ్రమ్.

ఎక్కడిదో, అని నాలో నేను తెలుగు చేసుకున్నాను.
వాళ్ళు వాక్యానికి ముందు పెట్టుకునే అంత మాట
మనకి చివర ఒక్క ఓ.
వస్తుందో. రాదో. ఏమంటోందో.
నోరు గుండ్రంగా చేసి
అలా వదిలేయడమే.

శుక్రవారం వాన పట్టుకుంది.
ఆ కిటికీ నాలుగు వేళ్ళకి మించి తెరుచుకోదు.
ఎనిడ్ మంచి చెయ్యి, ఎడమది,
మందు తాగే ప్లాస్టిక్ కప్పు పట్టుకుని బయటికి వెళ్ళింది.
ఎంతసేపో.
స్లీవ్ మోచేతి దాకా తడిసింది.
సిస్టర్ టైసన్ చూస్తే నా పని కూడా అయిపోయేది.
తల వంచలేక
కప్పునే కంటి దాకా ఎత్తింది.
గీత చూసింది.
నాకు రెండు వేళ్ళు చూపించింది,
మూడోది సగం మడిచి.
ఎవరూ అడగలేదు.

కప్పు అందుకున్నాను. పారబొయ్యాలి.
అడుగున ఒక నలుసు, ఇటుక రంగుది.
"ఎక్కడిదో," అన్నాను పైకే.
ఆ వార్డులో నేను తెలుగు మాట్లాడ్డం అదే మొదలు.
"వండర్," అంది ఎనిడ్,
లెక్క సరిపోయిన మనిషిలా,
తడి చెయ్యి దుప్పటికి తుడుచుకుంటూ.

మంగళవారం మళ్ళీ ఇరవైకి సున్నా.
ముళ్ళపంది దగ్గర
నేను కూడా నవ్వాను.